నాలుగో తెర

ఓబులేసుకు ధారణ నిలవడం లేదు. దసరా చూస్తే దగ్గరకొచ్చేసింది.

మామూలు మనిషికి ఇదొక కష్టంగా తోచకపోవచ్చు. అవధానం నేర్చుకునేవాడికి మాత్రం, ఈతగాడికి ఊపిరి నిలవకపోవడం లాంటిదది. అష్టావధానమంటే చుట్టూ ఎనిమిది మంది కూర్చుంటారు. వాళ్ళను పృచ్ఛకులంటారు. ఫలానా అక్షరం రాకుండా పద్యం చెప్పమని ఒకరు అడుగుతారు. పొంతన లేని నాలుగు మాటలిచ్చి, అవన్నీ ఇమిడేలా చెప్పమని ఇంకొకరు. ఒకరు తోచినప్పుడల్లా గంట కొడతారు. మరొకరి పని కేవలం అడ్డం పడడం, దాన్నే అప్రస్తుత ప్రసంగమంటారు. అసందర్భంగా ఏదో ఒకటి అడిగి అవధాని మనసు చెదరగొట్టాలి. ఇంత గోలలోనూ పద్యాన్ని ఒకేసారి చెప్పేయకూడదు. అడిగినవాళ్ళకు చుట్టుకొక పాదం చొప్పున పంచిపెడుతూ, నాలుగు చుట్లు తిరిగి పూర్తి చేయాలి. ఆఖర్న అన్ని పద్యాలనూ కాగితం చూడకుండా మొదలంటా ఒప్పజెప్పాలి. అదే ధారణ.

ఓబులేసుది ప్రొద్దుటూరులో ఫ్లెక్సీ అంగడి. పగలు పెళ్ళిళ్ళకూ పుట్టినరోజులకూ ఫ్లెక్సీలు తయారుచేస్తాడు. సాయంత్రం చిదంబరయ్య గారి వసారాలో కూర్చుని పద్యం నేర్చుకుంటాడు. చిదంబరయ్య గారు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన పండితుడు, ఒకప్పుడు ఊరూరా అవధానాలు చేసిన మనిషి. ఇప్పుడు గొంతు సహకరించక మానేశారు. ఆయనకున్న శిష్యుడు ఓబులేసు ఒక్కడే. దసరా ఉత్సవాల్లో మా వాడు అష్టావధానం చేస్తాడని కమిటీ పెద్దలకు ఆయనే మాట ఇచ్చి వచ్చారు.

ఈసారి దిగకపోతే ఇక జన్మలో దిగనని ఓబులేసుకు తెలుసు. అతని భయమంతా అదే.

భయానికి తోడు ఒక అవమానం. మొన్న వినాయక చవితికి చౌరస్తాలో కట్టిన పెద్ద ఫ్లెక్సీలో 'శుభాకాంక్షలు' అనే మాట 'శుబాకాంక్షలు' అని పడింది. భకు ఒత్తు ఊడిపోయింది. వేరేవాడు కొట్టి ఉంటే ఎవరూ చూసేవాళ్ళు కాదు. కవి అంగడిలో కొట్టింది కాబట్టి ఊరంతా చూసింది. నిమజ్జనం దాకా ఆ ఫ్లెక్సీ అక్కడే రెపరెపలాడింది. ఓబులేసు ఆ దారిన పోవడం మానుకుని, చుట్టు తిరిగి అంగడికి వచ్చేవాడు.

ఆ ఆదివారం వసారాలో ఎనిమిది మందినీ కూర్చోబెట్టి అభ్యాసం చేయించారు గురువు గారు. రెండు చుట్లు సాఫీగా నడిచాయి. మూడో చుట్టులో, అడ్డం పడే బాధ్యత తీసుకున్న లింగమూర్తి సారు గొంతు సవరించుకున్నారు.

"ఏమప్పా ఓబులేసూ, చౌరస్తాలో శుభానికి ఒత్తు ఊడగొట్టిన కవివి నువ్వేనంట కదా? ఆ ఊడిన ఒత్తు ఈ పద్యంలోనన్నా దొరుకుతాదా మాకు?"

"ఒత్తు ఊడింది గానీ సార్, అడిగేవాళ్ళ ఒత్తిడి మాత్రం ఇంకా ఊడలేదు" అన్నాడు ఓబులేసు.

అందరూ నవ్వారు. లింగమూర్తి సారు అందరికన్నా గట్టిగా నవ్వి చప్పట్లు కొట్టారు. అక్కడితో అయిపోవాల్సింది. సారుకు అయిపోయింది కూడా. ఓబులేసుకు కాలేదు. అంతకంటే మంచి జవాబొకటి అతనికి తట్టింది. 'వినాయకుడికి దంతం ఊడితే ఏకదంతుడని మొక్కుతారే, నాకు ఒత్తు ఊడితే ఎందుకు సార్ నవ్వుతారు?' అయ్యో, ఇది అని ఉండాల్సింది! దీన్నే కందంలో పెట్టి ఉంటే ఇంకెంత బాగుండేది! లోపల ఆ కందం అల్లుకుంటూనే పైకి నాలుగో చుట్టు తిరిగాడు. ధారణకు వచ్చేసరికి రెండో పద్యంలో మూడో పాదం లేదు. ఎంత వెతికినా లేదు. ఎనిమిది మందీ అతని ముఖం చూడలేక ఎవరి చేతులు వాళ్ళు చూసుకున్నారు.

అందరూ వెళ్ళిపోయాక ఓబులేసు గురువు గారి ముందు తల వంచుకుని నిలబడ్డాడు.

"అయ్యవారూ, ఎనిమిది మంది నా వల్ల కాదు. ఉండేది ఒకటే బుర్ర. దాన్ని ఎనిమిది మందికి పంచితే తలా ఎంత వస్తాది? నలుగురితో చేస్తా. ఫ్లెక్సీలో చతురవధానం అని వేసుకుంటా."

చిదంబరయ్య గారు వక్కపలుకు నోట్లో వేసుకున్నారు. కోప్పడలేదు.

"ఆ ఫ్లెక్సీ ఇంకా కొట్టలేదా? కమిటీవాళ్ళు నన్ను అడుగుతాండారు."

"లేదయ్యవారూ. వారం నుంచి కంప్యూటర్ సతాయిస్తాంది. పని సగంలో ఉండగా బిగుసుకుపోతాంది."

"రేపు పొద్దున వస్తా. ఆ కంప్యూటర్‌ను చూడాల" అన్నారాయన.

కంప్యూటర్‌ను ఎటు నుంచి పట్టుకోవాలో కూడా ఎరగని మనిషి ఆయన. ఓబులేసు ఆశ్చర్యపోయాడు గానీ ఎదురు చెప్పలేదు.

చెప్పినట్టే పొద్దున్నే వచ్చి, గిరాకీలు కూర్చునే స్టూలు మీద కూర్చున్నారు. అంగడి నిండా ఇంకు వాసన. బల్ల మీద రెండు తెరలు వెలుగుతున్నాయి. మూడోది కింద, గోడ వైపు తిరిగి ఉంది, బడిలో తప్పు చేసిన పిల్లవాడిలా.

"దాన్నేం చేసినావు?"

"తీసేసినా అయ్యవారూ. మూడు తెరలుండేవి. నడిమి దాంట్లో నేను పని చేసుకుంటా. ఎడమ దాంట్లో గిరాకీలు పంపిన ఫొటోలు పెట్టుకుంటా. కుడిది గిరాకీల వైపు తిప్పి పెట్టేది. ఫొటో చిన్నదైందని అలిగేవాళ్ళు ఫ్లెక్సీ కొట్టకముందే అలిగితే మంచిది కదా, అందుకని."

"మరి ఎందుకు తీసినావు?"

ఓబులేసుకు హుషారు వచ్చింది. తనకు తెలిసింది గురువుకు చెప్పే అవకాశం శిష్యుడికి రోజూ దొరకదు.

"ఈ పెట్టె లోపల గ్రాఫిక్స్ కార్డు అని ఒకటుంటాది అయ్యవారూ. తెర మీద కనపడే బొమ్మలన్నీ తయారుచేసి పట్టుకోనుండేది అదే. దానికి సొంతంగా కొంత మెమరీ ఉంటాది. ఉండేది ఒక్క కార్డు, తగిలించింది మూడు తెరలు. ఒక ఆవుకు మూడు దూడలు ఎగబడినట్టు. ఇదో చూడండి, మెమరీ చాలడం లేదని అదే చెప్తాంది. అందుకే ఒకదాన్ని ఊడబెరికినా."

"ఒక దూడను కట్టేసినాక పాలు మిగిలినాయా?"

ఓబులేసు హుషారు కొంచెం తగ్గింది. "లేదయ్యవారూ. అట్లనే బిగుసుకుపోతాంది."

"ఎంత తాగుతాండాయో కనపడతాదా?"

"కనపడతాది." ఒక మీట నొక్కి చూపించాడు. చిన్న గళ్ళలో నీలం గీత ఒకటి పైకప్పును ఆనుకుని నడుస్తోంది. "అదే మెమరీ. పైదాకా నిండిపోయింది."

"ఇంకో తెర కూడా తీయప్పా."

ఓబులేసు రెండో తెర తీగ పీకాడు. తెర నల్లబడింది. గీత గోరంత దిగింది. ఆ దిగిందీ లేనిదీ కళ్ళు చికిలించి చూస్తే గానీ తెలియలేదు. కానీ ఇంకొకటి జరిగింది. ఆ తెర మీద పరుచుకుని ఉన్నవన్నీ మిగిలిన ఒక్క తెర మీదికి వచ్చి ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"ఇవన్నీ యాడియప్పా?" అన్నారు చిదంబరయ్య గారు ముందుకు వంగి.

"ఇందాక ఆ తెరలో ఉన్నవే. దాన్ని పీకితే ఇటొచ్చినాయి."

"తెరతో పాటు పోవా?"

"తెరలో ఏముంటాది అయ్యవారూ పోవడానికి? అది చూపించేది, అంతే. ఉండేదంతా లోపలే…"

ఓబులేసు మాట సగంలో ఆపి, నల్లబడిన తెరను ఒకసారి, నీలం గీతను ఒకసారి చూశాడు.

గురువు గారు అతని వంక చూడలేదు. తెర మీద పడి ఉన్న పోగును చూస్తున్నారు. "ఆ పైన ఉండేది ఏంది?"

"ఓణీల ఫంక్షన్‌ది."

"ఇచ్చేసినావా?"

"ఎప్పుడో ఇచ్చేసినా. ఫంక్షన్ కూడా అయిపోయింది."

"దాని కింద?"

"వర్ధంతిది. అదీ ఇచ్చేసినా. దాని కిందది ఒక నాయకుని పుట్టినరోజుది. వెనకాల తిరిగేవాళ్ళ తలకాయలు అరవై దాకా ఉన్నాయి దాంట్లో, ఒక్కో తలకాయ ఒక్కో పొర. శానా బరువు. అదీ కట్టేసి దింపేసినారు."

"అన్నీ ఇచ్చేసినవే కదా. ఇంకా ఎందుకు తెరిచిపెట్టినావు?"

"మళ్ళా వచ్చి మార్పులు అడుగుతారేమోనని."

"పుట్టినరోజు అయిపోయినాక కూడానా?"

ఓబులేసు నవ్వాలో వద్దో తెలియక, ఓణీల ఫంక్షన్‌ను మూశాడు. గీత ఒక మెట్టు దిగింది. వర్ధంతిని మూశాడు. ఇంకో మెట్టు. నాయకుడినీ అరవై తలకాయలనూ మూసేసరికి గీత ఒక్కసారిగా నడుం దాకా జారింది. దాని వెనకే ఇంకా ఏవేవో ఉన్నాయి. గృహప్రవేశం, అంగడి ప్రారంభోత్సవం, క్రికెట్ టోర్నమెంటు. ఒక్కొక్కటే మూస్తూ పోయాడు.

అన్నిటికన్నా అడుగున వినాయకుడు ఉన్నాడు. పక్కన ఎర్రటి పెద్ద అక్షరాలతో 'వినాయక చవితి శుభాకాంక్షలు'. భకు ఒత్తు ఉంది. నిండుగా, స్పష్టంగా, మిగతా అక్షరాల కంటే ఒక పిసరు పొడుగ్గా ఉంది.

"ఇది చౌరస్తాలో కట్టింది కదా?"

"అదే అయ్యవారూ."

"దిద్దినావే!"

"దిద్దినా. రోజూ పొద్దున రాగానే తెరుస్తా. రంగు కొంచెం మార్చినా. ఎలుకను కూడా మళ్ళీ గీసినా."

"బాగుంది. యాడ కడతావు?"

ఓబులేసు తెర మీది వినాయకుడిని చూశాడు. కట్టడానికి చవితి లేదు, పందిరి లేదు, వినాయకుడు ఎప్పుడో నీళ్ళలో కలిశాడు. మౌసు మీది నుంచి చెయ్యి తీశాడు. తర్వాత, ఎవరో అడిగినట్టుగా, నెమ్మదిగా చెప్పాడు.

"నిన్న లింగమూర్తి సారుకు ఇంకోలా చెప్పి ఉండాల్సింది అయ్యవారూ. వినాయకునికి దంతం ఊడితే ఏకదంతుడని మొక్కుతారే, నాకు ఒత్తు ఊడితే ఎందుకు నవ్వుతారు అని. నిన్నటి నుంచి అదే తిరుగుతాంది. కందం కూడా కుదిరింది."

చిదంబరయ్య గారు పకపకా నవ్వారు. ఉత్తుత్తి నవ్వు కాదు, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేంత నవ్వు.

"శానా బాగుందప్పా. శానా బాగుంది. కానీ సారు నిన్ననే ఇంటికి పోయినాడు కదా."

బయట ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఓబులేసు వినాయకుడి ఫైలును మూయబోయాడు. మధ్యలో చిన్న పెట్టె ఒకటి తెరుచుకుని నిలబడింది.

"ఏమంటాంది అది?"

"చేసిన మార్పులు దాచిపెట్టాలా, వద్దా అని అడుగుతాంది."

ఏం చెప్పమంటారన్నట్టు అతను గురువు ముఖం చూశాడు. ఆయన అప్పటికే కళ్ళజోడు అద్దాలు ఉత్తరీయంతో తుడుచుకోవడంలో పడ్డారు. తుడిచి, ఊది, మళ్ళీ తుడిచారు. ఓబులేసు 'వద్దు' నొక్కాడు. వినాయకుడు తెర మీంచి మాయమయ్యాడు. నీలం గీత వెళ్ళి అడుక్కు ఆనుకుంది.

"ఇప్పుడు దూడలను విడువు" అన్నారు గురువు గారు.

రెండో తెర తగిలించాడు. గీత గోరంత లేచింది. గోడ వైపు తిరిగిన మూడో తెరను తెచ్చి బల్ల మీద పెట్టి తగిలించాడు. ఇంకో గోరంత. అంతే. ఓబులేసు నమ్మలేక దగ్గరికి జరిగి చూశాడు.

"ఇంకోటి ఉందా?"

"అటక మీద పాతదొకటి ఉంది. అదెందుకయ్యవారూ? మూడు చాలు కదా."

"దింపు."

అటక మీది తెర చేతికి వచ్చేసరికి దాని మీద దుమ్ము చాప పరిచినట్టు ఉంది. ఓబులేసు గుడ్డ కోసం వెతుకుతుంటే, చిదంబరయ్య గారు తన ఉత్తరీయంతోనే దాన్ని తుడిచేశారు. శిష్యుడు వారించే లోపు ఉత్తరీయం నల్లబడింది. కార్డుకు నాలుగో తీగ పెట్టే చోటు కూడా ఉంది. ఇన్నాళ్ళూ ఓబులేసు దాని మూత కూడా తీయలేదు. ఇప్పుడు తీసి తగిలించాడు.

పాత తెర కాసేపు ముక్కి మూలిగి వెలిగింది. దాని మీద ఏమీ లేదు. ఉత్త నీలం రంగు. అడుగున నడుస్తున్న గీత మరొక గోరంత లేచి, అక్కడే నిమ్మళంగా నడిచింది.

గురువు గారు ఆ ఖాళీ తెర ఎదుట, గుడిలో నిలబడ్డట్టు, చేతులు కట్టుకుని కాసేపు నిలబడ్డారు.

"బాగుంది" అన్నారు. "ఎవరు ఏం అడిగినా చూపించేటట్టు ఉంది."

తర్వాత స్టూలు మీద కూర్చుని టీ తెప్పించమన్నారు. టీ వచ్చింది. ఆయన ఊదుకుంటూ తాగుతూ బజారును చూస్తూ కూర్చున్నారు. అవధానం మాట ఎత్తలేదు. ఎంతమంది అని అడగలేదు. ఫ్లెక్సీ సంగతి కూడా మరిచిపోయినట్టే ఉన్నారు.

ఓబులేసు నడిమి తెరలో కొత్త ఫైలు తెరిచాడు. తెల్లగా, వెడల్పుగా ఉంది. పైన అమ్మవారి బొమ్మ పెట్టాడు. దాని కింద దసరా ఉత్సవాలు అని కొట్టాడు. ఆ కింద అసలు మాట రావాలి. వేళ్ళు ఒక క్షణం మీటల మీద ఆగాయి. కొట్టడం మొదలుపెట్టాక మాత్రం ఆగలేదు.

అష్టావధానం.

'ధా'కు ఒత్తు ఉందా లేదా అని చూశాడు. ఉంది. మళ్ళీ చూడలేదు.

పృచ్ఛకుల పేర్లు వరసగా కొట్టుకుంటూ పోయాడు. అందరికన్నా ముందు లింగమూర్తి సారు పేరు పెట్టాడు, అప్రస్తుత ప్రసంగం అని పక్కనే వేసి. పేరు కొడుతుంటే నవ్వొచ్చింది. ఆ నవ్వులో నిన్నటి మంట లేదు. తన పేరు ఆఖర్న, చిన్నగా వేసుకున్నాడు. గురువు గారి పేరు దానికి పైన, పెద్దగా. కంప్యూటర్ ఒక్కసారి కూడా బిగుసుకుపోలేదు.

చిదంబరయ్య గారు ఖాళీ గ్లాసు కింద పెట్టి లేచారు. గుమ్మం దాకా వెళ్ళి, మాసిన ఉత్తరీయం భుజాన సర్దుకుంటూ, వెనక్కి తిరగకుండానే అడిగారు.

"ఎనిమిది మందీ పట్టినారా?"

ఓబులేసు తెర వంక చూశాడు.

"పట్టినారు అయ్యవారూ. ఇంకా చోటుంది."